వెల్డింగ్ మిషనుకు నోరు తీపి

కొత్త కోడలు కాపురానికి వచ్చిందంటే కోవూరులో ఆ వీధంతా సారె గంపల్లోకి తొంగి చూస్తుంది. వినీల సారెలోనూ అందరి సారెల్లో ఉన్నట్టే అరిసెలూ లడ్లూ ఉన్నాయి. వీధి వాటిని తిని, బాగున్నాయని చెప్పి మరిచిపోయింది. మరిచిపోలేనిది నెల తిరిగాక వచ్చింది. ఇంటి ముందు కొరియర్ బండి ఆగింది, అందులోంచి ఒక మనిషి మూలుగుతూ దించాల్సిన బరువుతో అట్టపెట్టె దిగింది.

ఎదురింటి నరసయ్య అరుగు మీద నుంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు.

“ఏందమ్మాయ్ అది, గ్రైండరా?”

“కాదు తాతా. వెల్డింగ్ మిషను. మా ఆయన పుట్టినరోజుకు నేను కొనిచ్చింది.”

నరసయ్య ఆ మాటను తమలపాకులా కాసేపు నమిలాడు. “మొగుళ్ళకి వాచీలు కొనిపెట్టే కాలం పోయిందన్నమాట,” అని వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

అది మామూలు వెల్డింగ్ మిషను కాదు. కరెంటు తీగతో పని లేదు. లోపలే పెద్ద బ్యాటరీ ఉంటుంది, ఫోనుకు పెట్టినట్టు చార్జింగు పెట్టుకుని బండిలో వేసుకుంటే చాలు. చెరువు గట్టయినా, ఇసుక దిబ్బయినా, జీపు ఎక్కడ విరిగితే అక్కడే అతికించుకోవచ్చు. గతుకుల్లో జీపులు తోలే పిచ్చి ఉన్నవాళ్ళ కోసమే తయారు చేశారట దాన్ని. ఆ పిచ్చి వినీల మొగుడు నరేంద్రబాబుకు నిలువెల్లా ఉంది.

నరేంద్రబాబు రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే యంత్రాలకు మరమ్మతులు చేస్తాడు. ఆదివారం వస్తే తన పాత జీపుకు మరమ్మతు చేసుకుంటాడు. పెళ్ళిచూపులనాడు అందరూ వంటొచ్చా, పాటొచ్చా అని అడుగుతుంటే, వంతు వచ్చినప్పుడు అతను మెల్లగా అడిగింది ఒక్కటే: “మీకు మట్టి రోడ్లు ఇష్టమేనా?” కావలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే వినీలకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే సంబంధం కుదిరిపోయిందని ఇప్పటికీ ఆమె నమ్మకం.

ఇక ఆ జీపు సంగతి. దాని మీద అత్తగారు వెంకటశేషమ్మకు గట్టి అభిప్రాయమే ఉంది. “ఇది మన ఇంటికి సొంత కాళ్ళ మీద వచ్చిందానికంటే ట్రాక్టరు ఎనకాల తాడుతో వచ్చిందే ఎక్కువ. వీధిలో మొహమెత్తుకోలేకపోతుండా,” అనేది. తాడుతో జీపు మలుపు తిరగడం ఆలస్యం, నరసయ్య అరుగు మీద నుంచి “వచ్చె, వచ్చె, ఊరేగింపొచ్చె” అని కేకేసేవాడు. చివరికి పెళ్ళికి ముందు తల్లి పోరు పడలేక నరేంద్రబాబు మాట ఇచ్చేశాడు. పెళ్ళయ్యాక ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అది తాడుతో ఇంటికొచ్చినా అమ్మేస్తానని.

వెంకటశేషమ్మ మాట తీసుకుని ఊరుకునే మనిషి కాదు. కొనేవాణ్ణి కూడా వెతికి పెట్టుకుంది. కావలిలో జడ్సన్ అని ఒకతను జ్యూస్ కొట్టు పెడుతున్నాడు. పాత జీపు ముందు భాగం కోసి కొట్టుకు కౌంటరుగా పెట్టుకుంటాడట. హెడ్‌లైట్ల మీద బత్తాయిలు పేరుస్తాడట.

బత్తాయిల మాట విన్న రోజు నరేంద్రబాబు అన్నం సగంలో చెయ్యి కడుక్కున్నాడు. ఆ సగం అన్నం చూసే వినీల ఈ మిషను కొన్నది.

శుక్రవారం మిషనుకు పూజ జరిగింది. ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపూ కుంకుమా పెట్టి, దాని నోరు తీపి చెయ్యనిదే వాడరు. మిక్సీ వస్తే గిన్నెలో బెల్లం ముక్క, కుట్టుమిషను వస్తే పాదం దగ్గర బెల్లం ముక్క. వినీలకు ఈ ఆచారం ఎంత ముద్దొచ్చిందంటే, తనే చేస్తానని పట్టు పట్టింది. పెట్టె మూత మీద మూడు వేళ్ళతో గంధం రాసింది. రాడ్డు పట్టుకునే హోల్డరుకు బొట్టు పెట్టింది. మరి నోరెక్కడ? వెతికితే దొరికింది. ఇనుముకు కరిపించే ఎర్త్ క్లాంపు, పళ్ళతో సహా, అచ్చం ఆకలిగొన్న కాకిపిల్లలా నోరు తెరిచింది. పసుపూ బెల్లమూ కలిపి పాకంలా కాచి, వేడి వేడిగా ఆ నోట్లో దండిగా పెట్టింది.

“తినమ్మా, తిను,” అంది దాంతో.

గుమ్మంలో నిలబడి చూస్తున్న నరేంద్రబాబు నవ్వుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ జువ్వలదిన్నె బయలుదేరారు. అక్కడ వెంకటశేషమ్మ చెల్లెలుంది. చూసి చాలా రోజులైంది. బస్సులో పోదామని తల్లి, జీపులోనే పోదామని కొడుకు. “ఇదే పరీక్ష అనుకో,” అన్నాడతను. ఆమె ఒప్పుకుంది, ఫోనులో జడ్సన్ నంబరు ఉందో లేదో ఒకసారి చూసుకుని మరీ ఎక్కింది.

వినీలకు మాత్రం అది పరీక్షలా లేదు, పండగలా ఉంది. కొత్త మెట్టెలు జీపు రేకుకు తగిలి గతుకు గతుక్కీ టక్కుమంటున్నాయి. గేరు మార్చినప్పుడల్లా మొగుడి మోచెయ్యి తగులుతోంది, అతను అవసరానికి మించి గేర్లు మారుస్తున్నాడని ఆమెకు అనుమానం. ఒళ్ళో ఫ్లాస్కు ఉంది. అత్తగారు డికాషన్ దించి కలిపిన కాఫీ అది. సముద్రం ఒడ్డున ఇసుకలో కూర్చుని, ఒకే మూతలో ఇద్దరూ వంతులేసుకుని తాగాలని రెండు రోజుల నుంచీ కలలు కంటోంది.

“అమ్మాయ్, ఈ బండిలో చీమలేంది?” వెనక సీటులోంచి వెంకటశేషమ్మ కాళ్ళు దులుపుకుంది. “నా చీరంతా పాకతుండాయి.”

“ఎక్కడో తినేది ఏదో ఒలికుంటుంది అత్తమ్మా.”

“ఈ జీపులో తినేదానికి మనిషికి ఓపికెక్కడుంటాది? పట్టుకుని కూర్చోడానికే సరిపోయె.”

చెల్లెలింట్లో టిఫిన్లయ్యాయి, యోగక్షేమాలయ్యాయి. తిరుగు దారిలో సముద్రం చూపిస్తానని నరేంద్రబాబు సరుగుడు తోపులోంచి బండిబాట పట్టించాడు. తోపు దాటగానే ఒక ఉప్పు కాలువ. సముద్రంలో పోటు వచ్చినప్పుడు అందులోకి నీళ్ళు ఎక్కుతాయి. మిగతా వేళ తడి ఇసుకే. జీపు అందులో దిగింది, అవతలి గట్టు ఎక్కబోయింది. వెనక ఏదో విరిగిన చప్పుడైంది, జీపు ఒక పక్కకు కుంగి ఆగిపోయింది.

మెట్టెల చప్పుడూ ఆగింది.

నరేంద్రబాబు కిందికి దూరి చూసి, మోకాళ్ళకు ఇసుకతో లేచాడు. “చక్రం మీది కమాన్ పట్టీని చాసిస్ చట్రానికి పట్టుకునే కొక్కెం ఊడింది. పాత అతుకు. చక్రం బాడీకి ఆనుకుంది.”

“అంటే?” అంది తల్లి.

“నడవదు.”

వెంకటశేషమ్మ చెంగు సర్దుకుంది. పాపం, ఆమెకూ సంతోషంగా లేదు. కొడుకు మొహం చూడకుండా కాలువ గట్టు వైపు చూసింది. అక్కడ తాటాకు గొడుగు కింద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన అప్పటికే లేచి వస్తున్నాడు. ఓబయ్య అని చెప్పుకున్నాడు.

“ఈడ నిలపబాకండి అబ్బయ్యా,” అన్నాడు. “పోటు మొదలై శానాసేపైంది. పొద్దు నెత్తికొచ్చే తలికి కాలవ నిండుతాది. జీపు సీటు దాకా మునిగితే ఉప్పు నీళ్ళు ఇనపని బతకనిస్తాయా? మా పడవలు లాగే ట్రాక్టరు హార్బరు కాడుంది. తెమ్మంటే తెస్తా. తాడు కూడా ఉండాది.”

ఆ మాట వినగానే ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“తే నాయనా,” అంది వెంకటశేషమ్మ మెల్లగా. “మునగనీడం కంటే అమ్ముకునేదే మేలు.”

ఓబయ్య నడిచి వెళ్ళాడు. నరేంద్రబాబు పెళ్ళాం వైపు చూశాడు. వినీల అప్పటికే జీపు వెనక తలుపు తీసి మిషను పెట్టె దించుతోంది.

“ఆయన ట్రాక్టరు తెచ్చేలోపు మనం లేచి నిలబడాలి, అంతేగా?” అంది. “బోణీ చెయ్యండి.”

అత్తగారి ముందు మొగుణ్ణి మీరు అంటుంది, గదిలోకి వెళ్తే నువ్వు అంటుంది. ఇప్పుడు ‘మీరు’ అన్నా గొంతు మాత్రం గదిలోదే.

పని మొదలైంది. గొడుగు కింద ఓబయ్య కూర్చున్న చెక్క పలక తెచ్చి ఇసుకలో వేసి, దాని మీద జాకీ పెట్టి జీపును లేపారు. జీపు బ్యాటరీ తీగలు విప్పారు. కాళ్ళ కింద ఉండే రబ్బరు మ్యాట్లు తీసి తడి ఇసుక మీద పరిచి నరేంద్రబాబు వాటి మీద పడుకున్నాడు. కొక్కెం ఊడినచోట తుప్పంతా తీగ బ్రష్షుతో రుద్ది, ఇనుము తెల్లగా మెరిసేదాకా తెచ్చాడు. ఎర్త్ క్లాంపు చాసిస్‌కు కరిపించాడు. హోల్డరులో రాడ్డు పెట్టాడు. మొహానికి నల్లద్దం దించాడు.

“కళ్ళు మూసుకోండి ఇద్దరూ!”

మూసుకున్నారు. ఏమీ కాలేదు.

“తెరవొచ్చునా?” అంది వెంకటశేషమ్మ.

“ఉండమ్మా.”

రాడ్డుతో ఇనుము మీద టిక్కు టిక్కుమని గీస్తున్నాడు. అగ్గిపుల్ల తడిసినట్టే, నిప్పు లేదు. మిషను మీద పచ్చలైటు నిండుగా వెలుగుతోంది. చార్జింగు ఉంది. మీట అటూ ఇటూ తిప్పాడు. రాడ్డు మార్చాడు. ఇంకా కొంచెం తుప్పు రుద్దాడు. మళ్ళీ గీశాడు. ఏమీ లేదు.

కాలువ మొదట్లో నీళ్ళు నాలుకలా ఒకసారి లోపలికి వచ్చి, వెనక్కి వెళ్ళాయి.

వినీల మిషను వైపే చూస్తూ నిలబడింది. తను కొన్నది. తనే వీధంతా చెప్పుకుంది. ఎవరో ఇంటర్నెట్టులో పొగిడితే నమ్మి కొన్నది. ఈ మిషనే పని చెయ్యకపోతే, తాడుకు కట్టి తీసుకుపోయే జీపులో ముందు సీటులో కూర్చునేది తనే, నరసయ్య తాత కేక వినేదీ తనే. అదైనా ఫర్వాలేదు, ఆ సగం అన్నంలో కడిగిన చెయ్యి మళ్ళీ చూడాలా?

“మిషనే లోపమేమో వినీ,” అన్నాడు జీపు కింద నుంచి. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

దూరంగా తోపు అవతల ట్రాక్టరు చప్పుడు మొదలైంది.

“ఇదిగో, ఈ చీమలు చూడు!” వెంకటశేషమ్మ విసుగ్గా చాసిస్ వైపు వేలు చూపించింది. “జీపులోనే అనుకుంటే దీనికీ పట్టినాయి. ఇనుము తినే చీమలు యాడన్నా ఉంటాయా?”

వినీల చూసింది. చీమలు బారు కట్టి తీగ వెంబడి పాకుతూ ఎర్త్ క్లాంపు నోట్లోకి పోతున్నాయి. మళ్ళీ నోట్లోంచి వస్తున్నాయి.

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమైన క్షణం ఆమె తల పట్టుకుని ఇసుకలో చతికిలబడింది.

“బెల్లం!” అంది. “అయ్యో, బెల్లం! నేనే పెట్టినాను! పాకం గట్టిపడి రాయైంది. పళ్ళు ఇనుముకు తగలడమే లేదు. కరెంటు ఎట్టా పోతాది? వాహకాలు, బంధకాలు అని ఏడాదంతా పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్తుండా, నేనే దాని నోరు కట్టేసినా!”

నరేంద్రబాబు జీపు కింద నుంచి తల బయటికి పెట్టి, క్లాంపు విప్పి చూశాడు. పళ్ళ మధ్య పసుపు పచ్చని బెల్లం అచ్చు, గాజులా నిగనిగలాడుతోంది.

“చూసినానే నేను పొద్దున, బండిలో ఎక్కించేటప్పుడు,” అన్నాడు అపరాధిలా. “తుడవబుద్ధి కాలేదు. నువ్వు ముద్దుగా పెట్టినావని…”

“నువ్వు తుడవాల్సింది! పట్టు, పట్టు, ఇట్టా ఇయ్యి!” అని వినీల లాక్కుంది. అత్తగారి ముందు నువ్వు అనేసిన సంగతి ఆమె గమనించలేదు. అత్తగారు గమనించింది, మూతి బిగించుకుంది, నవ్వు ఆపుకోవడానికి.

బ్రష్షుతో గీకితే పై పెచ్చు రాలింది గానీ సందుల్లోది కదల్లేదు. రాయితో కొడితే పళ్ళు వంగుతాయి. నీళ్ళు వేస్తే కరుగుతుంది, కానీ చన్నీళ్ళకు ఎంతసేపు పడుతుందో? ట్రాక్టరు చప్పుడు దగ్గరైంది. వినీల చుట్టూ చూసింది. ముందు సీటులో ఫ్లాస్కు కనిపించింది.

సముద్రం ఒడ్డు, ఒకే మూత, వంతులు. ఆ కల ముందు ఒక్క రెప్పపాటు ఆగింది, అంతే. మూత తిప్పేసింది. పొగలు కక్కే కాఫీ క్లాంపు నోట్లో ధారగా పోసింది.

“అయ్యయ్యో, నా డికాషనూ!” అంది వెంకటశేషమ్మ.

బెల్లం కరిగింది. పసుపూ కాఫీ కలిసిన రంగులో కిందికి కారింది. చీమలు కకావికలైపోయాయి. వినీల బ్రష్షుతో సందు సందూ రుద్దింది. ఇంకా కొంచెం పోసి మళ్ళీ రుద్దింది. మంచినీళ్ళతో కడిగింది. చున్నీ కొంగుతో తడి లేకుండా తుడిచి, పళ్ళు నిగనిగలాడేదాకా తుడిచి, ఎండలో ఊది ఊది ఆరబెట్టి మొగుడి చేతికిచ్చింది.

“కళ్ళు మూసుకోండి.”

ఈసారి మూసిన రెప్పల మీద కూడా తెల్లటి వెలుగు పడింది. చర్రుమంది.

“ఏమే అమ్మాయ్, వడియాలు ఏగినట్టుండాదే!” అంది అత్తగారు, కళ్ళు గట్టిగా మూసుకునే.

నిజంగా అట్లాగే ఉంది. వేడి నూనెలో వడియాలు పొంగుతున్న చప్పుడు. ఆగి, మళ్ళీ వేగి, ఆగి, మళ్ళీ వేగి. వినీల జీవితంలో ఇంత మంచి సంగీతం విన్నట్టు గుర్తులేదు. ముందు రెండు మూలలా చుక్కలు పెట్టి కొక్కేన్ని నిలిపాడు, తరువాత అంచు వెంబడి నిదానంగా లాగాడు. సుత్తితో పైన గడ్డకట్టిన చిట్టెం రాలగొడితే కింద నుంచి తళతళలాడే అతుకు బయటపడింది. అందంగా ఏమీ లేదు, కొత్తగా నేర్చుకున్న పిల్ల వేసిన ముగ్గు గీతలా అక్కడక్కడా లావుగా, అక్కడక్కడా సన్నంగా ఉంది. సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేసి చూశాడు. కదల్లేదు.

నీళ్ళు వచ్చి రబ్బరు మ్యాట్లను తడిపాయి. మిషను ఎత్తి జీపులో పడేసి, జాకీ దించి, బ్యాటరీ తీగలు తగిలించేసరికి చక్రాల సగం దాకా వచ్చాయి. ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. వినీలా, వెంకటశేషమ్మా గట్టు మీద నిలబడి చూస్తుండగా జీపు నీళ్ళు చిమ్ముకుంటూ, ఒళ్ళంతా వణుకుతూ, గర్భిణీ మనిషి మెట్లెక్కినట్టు జాగ్రత్తగా ఒడ్డెక్కింది.

తోపు మలుపులోంచి ట్రాక్టరు అప్పుడే బయటికొచ్చింది. ఓబయ్య స్టీరింగు ముందు కూర్చుని, భుజం మీద చుట్టగా తాడుతో నోరు తెరుచుకుని చూశాడు.

“తాడు తెచ్చినా కదబ్బా, మరి ఇదేంది?”

“తాడు నీకాడే ఉంచుకో నాయనా,” అంది వెంకటశేషమ్మ. ఆ గొంతులో గర్వం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. “మా కోడలు మిషను తెచ్చింది.”

ఊరికే వచ్చి ఊరికే పొమ్మంటే బాగుండదు. నరేంద్రబాబు ట్రాక్టరు చుట్టూ తిరిగి చూశాడు. విరిగిన మడ్‌గార్డు వల తాడుతో కట్టి ఉంది. మిషనులో ఇంకా చార్జింగు మిగిలే ఉంది. మళ్ళీ వడియాలు వేగాయి. ఓబయ్య ఆ అతుకును వేలితో తడమబోయి, చుర్రుమంటే వెనక్కి లాక్కుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. తాటాకు బుట్టలో రెండు బతికున్న పీతలు తెచ్చి వద్దన్నా వినకుండా జీపులో పెట్టాడు.

తిరుగు ప్రయాణం నిదానంగా సాగింది. హైవే మీద లారీలు, బస్సులు, చివరికి ఒక గడ్డి ట్రాక్టరు కూడా వాళ్ళను దాటిపోయాయి. నరేంద్రబాబు పట్టించుకోలేదు. రేపు పొద్దున్నే షెడ్డులో పాత అతుకంతా కోసి, కొత్త కొక్కెం గట్టిగా వేయిస్తానని తల్లికి మళ్ళీ మాట ఇస్తున్నాడు.

“మాటలియ్యబాక,” అంది వెంకటశేషమ్మ. “ముందు రోడ్డు చూడు.”

వినీలకు కాఫీ పోయిందన్న బాధ లేదు. చున్నీ కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంటే కాఫీ, బెల్లం, కాలిన ఇనుము కలిసిన వాసన వస్తోంది. ఇంత కొత్త వాసన లోకంలో ఇంకెవరి దగ్గరా ఉండదనుకుంది.

సాయంత్రం వీధి మలుపు తిరిగేసరికి నరసయ్య అరుగు మీద సిద్ధంగా ఉన్నాడు. మెడ చాచి జీపు ముందు వెతికాడు, వెనక వెతికాడు.

“తాడేదమ్మా శేషమ్మా?”

“ఎవురికి తాడు?” ఆమె చెంగు నడుముకు దోపుకుని రాణిలా దిగింది. “ట్రాక్టరుకే మేం వైద్యం చేసొచ్చినాం, తెలుసా నీకు? పీతల కూరకి రాత్రి రా, చెప్తా.”

లోపలికి వెళ్ళిన వెంకటశేషమ్మ ఎంతకూ వంటింట్లోంచి బయటికి రాలేదు. వినీల భయం భయంగా తొంగి చూసింది. నువ్వు అన్న సంగతి అప్పటికి గుర్తొచ్చింది ఆమెకు. అత్తగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఇంకో చేత్తో బెల్లం అచ్చు చితక్కొడుతోంది.

“జడ్సన్ అబ్బయ్యా, జ్యూస్ కొట్టుకి ఇంకో బండి చూసుకో నాయనా. మాది నడిచే బండి,” అని ఫోను పెట్టేసింది. కోడలి వైపు తిరిగింది.

“అత్తమ్మా, అక్కడ తొందరలో నువ్వు అని…”

“వినపడిందిలే. మీ మామ ఉన్నన్నాళ్ళూ నేనూ ఆయన్ని వంటింట్లో అట్టనే అనేదాన్ని,” అంది. “నోరు తెరువు.”

వినీల నోరు తెరిచింది, అచ్చం క్లాంపులాగే. అందులో బెల్లం ముక్క పడింది.

“నోరు తీపి చెయ్యాల్సింది మిషనుకి కాదే పిచ్చి పిల్లా,” అంది వెంకటశేషమ్మ. “దాన్ని తెచ్చినదానికి.”

బయట నరేంద్రబాబు మిషనుకు చార్జింగు పెడుతూ, మూత మీద చెదిరిన బొట్టును చూసి, కుంకుమ భరిణె ఎక్కడుందని కేకేస్తున్నాడు.

“మూతకి మాత్రమే!” అని అత్తాకోడళ్ళిద్దరూ ఒకే గొంతుతో అరిచారు.